ఊపిరి విడవని ఇద్దరు ఈతగాళ్లు

ఓడలో పనిచేసి వచ్చానని చెబితే మా వైపు జనం మొదట అడిగే ప్రశ్న ఒకటే. "ఆడ తాగనీకి నీళ్లుంటయా?" గద్వాల చుట్టుపక్కల పుట్టినవాడికి నీళ్ల గురించి వేరే అనుమానం రాదు. ఉంటాయని చెబితే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. "మరి గంత నీళ్లు పెట్టుకొని పంటెందుకు తీస్తలేరు?" అవి ఉప్పునీళ్లని చెప్పి తప్పించుకుందామంటే, "ఉప్పు బోరు కింద మేం తీస్తలేమా?" అని తగులుకుంటారు. అక్కడితో నేను ఓడిపోతాను.

ఈ మధ్య మన పిల్లలు కొందరు ఓడ ఉద్యోగాలకు పోతామని నా దగ్గరికి వస్తున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. సలహా అనుకోకండి. ఏడో తరగతిలో బడి మానేసినవాడి సలహా ఎవరికి కావాలి? మానేశానని మర్యాదకు అంటున్నాను గానీ, అసలు సంగతి లెక్కల సారూ నేనూ ఒకరినొకరం భరించలేక విడిపోయాం. ఆయన ఇంకా అక్కడే ఉండిపోయాడు, నేను లోకం చూశాను.

మా ఊరు మల్దకల్ దగ్గర. నేను చెప్పేది రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట. అప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ ఒకే పాలమూరు జిల్లా. బొంబాయికి పనికి పోయేవాళ్లం మాత్రం మేస్త్రీ ఏ లారీ ఎక్కమంటే అది ఎక్కేవాళ్లం. అట్లా పోయి సిమెంటు తట్టలు మోశాను. తర్వాత ఒక హోటల్లో బట్టలుతికే పని దొరికింది. హోటల్ దుప్పట్లు ఉతికినవాడు ఓడ దుప్పట్లు కూడా ఉతుకుతాడని ఒక ఏజెంటు నన్ను బొంబాయి రేవులో ఒక టూరిస్టు ఓడ ఎక్కించాడు. అది గోవాకు, లక్షద్వీప్ దీవులకు, కొచ్చికి పోయి మళ్లీ బొంబాయికి వచ్చేది.

ఓడ ఉద్యోగమంటే పొద్దున లేస్తే సముద్రమే కనిపిస్తుందనుకున్నాను. మా బట్టల గది ఓడ పొట్టలో, నీటిమట్టానికి కిందుగా ఉండేది. కిటికీ లేదు. నెలల తరబడి నేను చూసింది దుప్పట్లు, తువ్వాళ్లు, మళ్లీ దుప్పట్లు. ఇస్త్రీ మిషన్ దగ్గర రాయచూరు పెద్దాయన ఒకడు ఉండేవాడు. మాకు కర్ణాటక సరిహద్దు అవతలి మనిషి. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో తిట్టేవాడు. ఆయన పైకి పోయి వచ్చినప్పుడల్లా అడిగేవాణ్ణి.

"సముద్రం ఎట్లున్నది తాతా?"

"ఏనప్పా, మన దుప్పటి లెక్కనే. మడతలు జాస్తి."

ఒకనాడు లక్షద్వీప్‌లో ఓడ ఆగినప్పుడు పైన నీళ్ల జట్టుకు మనుషులు తక్కువయ్యారు. ఈత వచ్చినవాడు ఎవడైనా ఉన్నాడా అని అడిగారు. నేను చెయ్యి ఎత్తడం కాదు, చెయ్యి ముందు పోయి నేను దాని వెనక పోయాను.

నీళ్ల జట్టు పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఓడ దూరంగా లంగరు వేస్తుంది. చిన్న పడవల్లో ప్రయాణికులను దీవి దగ్గరి లోతు తక్కువ నీళ్లలోకి తీసుకుపోతారు. కళ్లకూ ముక్కుకూ కలిపి ఒక అద్దం పెట్టుకొని, నోట్లో గొట్టం కరిచిపట్టుకొని, బోర్లా తేలుతూ కింద చేపలను చూడటం స్నార్కెలింగ్. వీపున గాలి సిలిండర్ కట్టుకొని అడుగుకే దిగిపోవడం స్కూబా. దిగడానికి ధైర్యం చాలనివాళ్లకు అడుగున అద్దం బిగించిన పడవ ఒకటి ఉండేది. పొడి బట్టలతో కూర్చొని చూడొచ్చు. ఇక నా పని? అందరి నోట్లో నానిన గొట్టాలను మందునీళ్లలో ముంచి కడగడం. పైకి వచ్చినా ఉతుకుడే. కానీ ఎండలో ఉతుకుడు. నేను ఎండ కోసం మొహం వాచిపోయి ఉన్నాను. పాలమూరువాడు ఎండ కోసం మొహం వాచిపోయాడంటే మా అమ్మ కూడా నమ్మలేదు.

ఆ జట్టుకు పెద్ద ఒక మలయాళీ మేడం. నాకంటే చిన్నది, నాకంటే పొట్టి. అయినా ఆమె ముందు నిలబడితే నేనే కింద నుంచి పైకి చూస్తున్నట్టుండేది. ఆమె హిందీలో అడిగింది.

"ఈత ఎక్కడ నేర్చుకున్నావు?"

"బావిలో మేడం."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. వాళ్ల దిక్కు ప్రతి ఇంటి పెరట్లోనూ ఒక చిన్న బావి ఉంటుందట, చేద వేసి తోడుకునేది. అందులో మనిషి దూకాడంటే పోలీసులు వస్తారట. మా వ్యవసాయ బావులు అట్లా ఉండవని, వాటిలో ఊరి మగపిల్లలంతా ఒకేసారి దూకినా ఒకరి కాలు ఒకరికి తగలదని చెప్పాను. కొంచెం పెంచే చెప్పాను. కాళ్లు తగిలేవి.

అసలు మా బావుల్లో ఈతకు ఒకటే పరీక్ష. గట్టు మీద నుంచి దూకాలి, అడుగుదాకా పోవాలి, పిడికెడు బురద పట్టుకొని పైకి రావాలి. పైకొచ్చి పిడికిలి విప్పి చూపించకపోతే దూకినట్టే లెక్క కాదు. ఊపిరి ఎంతసేపు బిగబడితే అంత మొనగాడు. బుడగలు వచ్చాయంటే వాడి పని అయిపోయిందని గట్టు మీదివాళ్లు నవ్వుతారు. ఈ చదువులో నేను ఫస్టు క్లాసు. మిగతా చదువు సంగతి మీకు తెలుసు.

స్కూబాలో దీనికి పూర్తిగా ఉల్టా. అక్కడ మొదటి నియమం, చివరి నియమం ఒకటే: ఊపిరి బిగబట్టొద్దు. అడుగున సిలిండర్ నుంచి పీల్చిన గాలి నీటి ఒత్తిడికి అణిగి ఉంటుంది. మనిషి పైకి వస్తుంటే అది ఉబ్బుతుంది. విడుస్తూ వస్తే బుడగలై పోతుంది. బిగబట్టి వస్తే పోయే దారి లేక ఊపిరితిత్తులనే చీలుస్తుంది. దానికి పాతాళం లోతు అక్కర్లేదు, నిలువెత్తు నీళ్లు చాలు. మేడం ఇది నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ప్రతిసారీ నేను బుద్ధిగా తల ఊపాను. లెక్కల సారు దగ్గర కూడా అట్లాగే ఊపేవాణ్ణి.

మొదటిసారి సిలిండర్ కట్టి దించినప్పుడు ఏమైందంటే, అడుగు తగలగానే నా చెయ్యి నన్నడగకుండానే ఇసుక పిడికిట్లోకి తీసుకుంది. బుగ్గలు వాటంతటవే ఉబ్బాయి. మోకాళ్లు వంగాయి. కాలితో అడుగును తన్ని లేవబోయాను. మేడం నా నడుం బెల్టు పట్టి కిందికి గుంజింది. పైకొచ్చాక నా పిడికిలి చూపిస్తూ, "అదేమిటి?" అంది.

"సాక్ష్యం మేడం."

"నేను నీ పక్కనే ఉన్నాను కదా! ఎవరికి చూపిస్తావు?"

ఆ మాట నిజమే. గట్టు మీద ఎవరూ లేరు, అసలు గట్టే లేదు. కానీ నలభై తరాల బావి ఒంట్లో ఉన్నవాడికి ఆ మాట అంత తొందరగా దిగదు. పైకి వచ్చేటప్పుడు గొంతులో ఏదో ఒక చప్పుడు చేస్తూ రమ్మంది. చప్పుడు చేస్తే ఊపిరి తప్పక పోతుందట. మా ఎద్దులను అదిలించినట్టు "హో... హో..." అంటూ వచ్చేవాణ్ణి. గుర్తున్నంతసేపు బాగానే ఉండేది. ఏ రంగు చేపో ఎదురైతే ఎద్దులు ఆగిపోయేవి, ఊపిరీ ఆగిపోయేది.

చివరికి మేడం తేల్చి చెప్పింది. "ఈ ట్రిప్పులో నా వెనక దిగు. ఒక్కసారి కూడా బిగబట్టకుండా తిరిగొస్తే నిన్ను నీళ్ల జట్టులో శాశ్వతంగా ఉంచమని నేనే అడుగుతాను. లేకపోతే నువ్వు కిందికే." కింద అంటే సముద్రం అడుగుకు కాదు. దుప్పట్ల దగ్గరికి.

ఈ కబురు రాయచూరు పెద్దాయనకు చెబితే, "ఇస్త్రీ మిషన్ ఉడుకుడుకు పెట్టి ఉంచుతలేప్పా. నీకు చలి పెట్టద్దు గద," అన్నాడు.

ఆ ట్రిప్పులోనే మనవాళ్లు ఎక్కారు.

పత్తి విత్తనాలు బాగా అమ్మిన డీలర్లను ఒక కంపెనీ జంటలు జంటలుగా టూరుకు పంపింది. నేను డెక్కు మీద గొట్టాలు ఆరబెడుతుంటే వెనక నుంచి, "జర జరుగు తమ్మీ, గాలి రానియ్," అని వినపడింది. నడిసముద్రంలో గాలి రావడానికి నన్ను జరగమన్న మొదటి మనిషి ఆయనే. తిరిగి చూస్తే రంగేసిన మీసం, ఆ మీసానికి తగిన పొట్ట. బిజినేపల్లిలో విత్తనాల దుకాణమట. పక్కన ఆయన భార్య, కొత్త చెప్పులు చేతిలో పట్టుకొని వట్టి కాళ్లతో నిలబడి ఉంది.

"ఏ ఊరు తమ్మీ?"

"మల్దకల్ దగ్గర సేటు."

"అట్లనా! మనోడివే. ఈడ ఏం చేస్తుంటవు?"

చేతిలో తడి గొట్టం ఉంది. దాన్ని వెనక్కు పెట్టుకున్నాను. "జనాలకు సముద్రంల ఈత నేర్పిస్త."

"ఈత ఒకలు నేర్పుతరా? దుంకితే అదే వస్తది."

"నేను గూడ దిగుత," అంది భార్య.

"నువ్వు దిగుడేందే? నలుగురు చూస్తరు."

"మా పెద్దమందడి బాయిల నాకంటె ముందు బురద తెచ్చినోడు లేకుండె. నమ్మకుంటె మా అన్నను అడుగు."

"గది ఎప్పటి ముచ్చట?"

"నీ ఈత మాత్రం నిన్నటిదా? పెండ్లైనంక నువ్వు బకెట్ల నీళ్లు తప్ప చూసిన్నాడు లేదు."

సేటు నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. చివరికి తీర్పు ఏమైందంటే, ఆయన సిలిండర్‌తో దిగుతాడు, ఆమె అద్దం పడవలో కూర్చొని ఆయన దిగడాన్ని చూస్తుంది.

మరునాడు దీవి దగ్గర మేడం అందరినీ ఇసుక మీద కూర్చోబెట్టి హిందీలో జాగ్రత్తలు చెప్పింది. సేటు నా చెవి దగ్గరికి వంగి, "నాకు హిందీ మంచిగనే వస్తది. గానీ ఈమె హిందీ వేరే ఉన్నది. నువ్వే చెప్పు," అన్నాడు.

"ఒక్కటే ముచ్చట సేటు. నీళ్లల్ల ఊపిరి బిగబట్టొద్దు. తీసుకుంట, ఇడుసుకుంట ఉండాలె. పైకొచ్చేటప్పుడైతే అసలే బిగబట్టొద్దు."

"సరే సరే."

"ఏమన్ననో ఒకపారి చెప్పుర్రి."

"అరే, నాకే పాఠం అప్పజెప్పుమంటవా? ఊర్ల అందరికి నేను చెప్త, ఏ మందు ఎంత కొట్టాల్నని."

"వాళ్లు ఇంటరా సేటు?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "ఇనరు," అన్నాడు.

దిగాం. మేడం కుడిచేతికి నాగర్‌కర్నూల్ డీలరు ఒకాయన, ఎడమచేతికి మా సేటు, వెనక నేను. లోతు ఎక్కువేం కాదు, మా ఊరి బావిలో సగం. నేను లోపల ఎద్దులను తోలుకుంటూ, ఊపిరి తీసుకుంటూ విడుస్తూ, నా జన్మలో లేనంత క్రమశిక్షణతో పోతున్నాను. అడుగున తెల్ల ఇసుక మీద ముగ్గురూ మోకాళ్ల మీద కూర్చున్నారు. నాగర్‌కర్నూల్ ఆయన అద్దంలోకి నీళ్లు పోతే మేడం ఆయన వైపు తిరిగి సరిచేస్తోంది. అప్పుడు మా నెత్తి మీదికి అద్దం పడవ వచ్చింది. అద్దానికి ముక్కు ఆనించి సేటు భార్య కిందికి చూస్తోంది.

సేటు పైకి చూశాడు. ఆమెను చూశాడు. వంగి పిడికెడు ఇసుక తీసుకున్నాడు.

ఇంకెవరు చూసినా, గుర్తుకోసం ఇసుక తీసుకుంటున్నాడులే అనుకునేవాళ్లు. ఆ పిడికిలి మూసుకోవడం చూడగానే నాకు చెమట పట్టింది. నీళ్లలో చెమట పడుతుందా అని అడగకండి, పట్టింది. తర్వాత ఏం జరుగుతుందో ఆ సముద్రం మొత్తంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. బుగ్గలు ఉబ్బుతాయి. ఉబ్బాయి. మోకాళ్లు లేస్తాయి. లేచాయి. అడుగును తన్ని బాణంలా పోతాడు. పోయాడు.

ఎగిరి ఆయన బెల్టు పట్టుకున్నాను. నన్ను కూడా లాక్కొని పైకి పోతున్నాడు. నోటి వైపు వేలు చూపించాను. ఆయన పిడికిలి వెనక్కు దాచుకున్నాడు, నేను ఇసుక గుంజుకోవడానికి వచ్చాననుకొని. ఇక చెప్పే భాష ఏదీ మిగల్లేదు. డొక్క కింద, పొట్ట మొదలయ్యే చోట ఒక్క గుద్దు గుద్దాను. ఆ దెబ్బకు నోటి నుంచి గుప్పున బుడగలు వచ్చాయి. ఇంకో గుద్దు గుద్దాను. మొదటిది నియమం ప్రకారం. రెండోది ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

నీళ్ల మీదికి తల రాగానే సేటు నోట్లో గొట్టం ఊడదీసి అరిచాడు. "కొట్టిండు! మా జిల్లోడే నన్ను నీళ్లల్ల వేసి కొట్టిండు!" అంత కోపంలోనూ ముందు పడవ వైపు తిరిగి, పిడికిలి విప్పి భార్యకు ఇసుక చూపించాడు. ఆ తర్వాతే మళ్లీ నన్ను తిట్టడం మొదలుపెట్టాడు.

నా ఛాతీలో ఎవరో పీట వేసుకొని కూర్చున్నట్టుంది. ఎందుకో నాకు తెలుసు. ఆ పిడికిలి చూసిన క్షణం నుంచి పైకి తేలేదాకా నేను కూడా ఊపిరి విడవలేదు. ఎదుటివాడి గాలి తీయడంలో పడి నా ఎద్దులను మర్చిపోయాను. ఈ సంగతి మేడంకు తెలిస్తే నా నీళ్ల ఉద్యోగం అక్కడితో అయిపోయినట్టే. దగ్గు వస్తుంటే మింగాను. దగ్గును మింగడం కష్టం, కావాలంటే ప్రయత్నించి చూడండి.

ఓడ సిబ్బంది ప్రయాణికుణ్ణి కొట్టాడంటే చిన్న విషయం కాదు. సాయంత్రం ఒక ఆఫీసరు గదికి పిలిచారు. తెల్ల యూనిఫాం, నీలి కళ్లు. ఏ దేశమో ఎప్పుడూ అడగలేదు. ఇంగ్లీషు తప్ప రాదు. సేటుకు ఇంగ్లీషు రాదు. రెండూ వచ్చిన కంపెనీ మేనేజర్ గోవా దాటినప్పటి నుంచి వాంతులతో పడుకొని ఉన్నాడు. మేడంకు తెలుగు రాదు, సేటు కోపంలో హిందీ మర్చిపోయాడు. ఇక ఓడ మొత్తంలో తెలుగు, ఓడ ఇంగ్లీషు రెండూ తెలిసినవాడు ఎవడు? నేనే. నా మీద ఫిర్యాదుకు నేనే దుబాసీని.

"ఏం జరిగింది?" అన్నాడు ఆఫీసరు.

"ఏం జరిగిందంటుండు సేటు."

"నన్ను గుద్దినవని చెప్పు."

"నేను ఈయనను గుద్దానంటున్నాడు సార్."

"రెండు పార్లు అని చెప్పు."

"రెండుసార్లు సార్."

"బిజినేపల్లిల నన్ను వేలెత్తి చూపెటోడు లేడని చెప్పు."

నాకు అంత ఇంగ్లీషు లేదు. "ఈయన చాలా పెద్ద మనిషి సార్," అన్నాను. ఆఫీసరు సేటు పొట్ట వైపు చూసి, అవునని తల ఊపాడు.

అప్పుడు మేడం, గాలి బయటికి పోకపోతే మనిషికి ఏమయ్యేదో చెప్పి, పొట్ట మీద కొట్టడం తప్పలేదంది. "నువ్వు ఊపిరి విడిచావా లేదా అని అడుగు ఆయనను," అంది నాతో.

అడిగాను. సేటు అందరినీ వెర్రివాళ్లను చూసినట్టు చూశాడు. "నీళ్లల్ల ఊపిరి ఎవడన్న ఇడుస్తడా?"

"గదే గద," అన్నాను నేను, అలవాటుగా. మంచికి తెలుగులో అన్నాను.

సేటు వెనక కుర్చీలో కూర్చున్న ఆయన భార్య ముందుకు జరిగింది. "నేను చెప్త. నేను పైనుంచి అద్దంల అంత చూసిన. మా ఆయన బుగ్గలు పొంగిచ్చుకొని వస్తుంటె, ఈ తమ్ముడు గుద్దంగనే బుడబుడ గాలొచ్చింది. గుద్దకుంటె ఈయన ఇయ్యాల ఈడ కూసోని గుద్దిండని చెప్పనీకి ఉండకపోవు. కొట్టింది మంచికే అని చెప్పు ఆ సారుకు."

ఇది మాత్రం నేను నా జీవితంలో మాట్లాడిన ఇంగ్లీషులో కెల్లా ఉత్తమమైన ఇంగ్లీషులో చెప్పాను. చేతులు కూడా ఊపాను. ఆఫీసరు మొహం మెత్తబడింది. మేడం నా వైపు చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వులో నాకు ఎండ కనిపించింది, నీళ్లు కనిపించాయి, నీళ్ల జట్టు నీలం బనియన్ నా ఒంటి మీద కనిపించింది.

సేటు భార్య ఇంకో మాట కలిపింది. "గానీ ఈ తమ్ముడు గూడ అచ్చం మా ఆయన లెక్కనే బుగ్గలు పొంగిచ్చుకొని పైకొచ్చిండు. ఈ తమ్ముని నోట్లకెళ్లి ఒక్క బుడగ రాలె. అది గూడ చెప్పు."

ఇది చెప్పేంత ఇంగ్లీషు నాకు హఠాత్తుగా లేకుండా పోయింది.

"ఆమె ఏమంటోంది?" అన్నాడు ఆఫీసరు.

"చేపలు చాలా బాగున్నాయంటోంది సార్."

సేటు భార్య నన్ను చూసింది. "నేను గంత చెప్తే నువ్వు గింతనే చెప్పినవేంది?" అంది. ఇక నా మీద పెట్టుకోలేదు. మేడం వైపు తిరిగి, రెండు బుగ్గలూ పూరీలా పొంగించి, పెదాలు బిగించి, నా వైపు వేలు చూపించింది. తర్వాత ఆ వేలితోనే బుడగలు పైకి పోతున్నట్టు గాలిలో గీసి, అరచెయ్యి అడ్డంగా ఊపింది. లేవు, ఒక్కటీ లేదు అని.

మేడం నవ్వు పోయింది. లేచి నా దగ్గరికి వచ్చింది. "గట్టిగా ఊపిరి పీల్చు."

పీల్చాను. సగంలోనే పొద్దుటి నుంచి మింగిన దగ్గులన్నీ ఒకేసారి బయటికి వచ్చాయి. కుర్చీ పట్టుకొని వంగిపోయాను.

"ఏమైందే?" అంటున్నాడు సేటు.

"ఏమైతది? ఈయన గూడ నీ లెక్కనే బిగబట్టిండు."

సేటు లేచి నిలబడ్డాడు. పొద్దుటి నుంచి మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూశాడు. "నువ్వు గూడనా?"

"అవు సేటు."

"మరి నాకు ఇడువుమని చెప్పినవు గద?"

"చెప్పిన."

"నీకెవరు చెప్పలేదా?"

"రోజు చెప్తనే ఉన్నరు సేటు."

ఆయన ఆఫీసరు వైపు చెయ్యి చూపించి, "కేసు ఏం లేదని చెప్పు ఆ సారుకు. ముందు వీణ్ణి దవాఖానకు తీసుకపోర్రి," అన్నాడు. తర్వాత నా వీపు నిమరబోయి, ఎక్కడ నొప్పి ఉందో తెలియక, నెత్తి మీద చెయ్యి పెట్టాడు.

ఓడ డాక్టరు మొహానికి ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టాడు. లోతు తక్కువ కాబట్టి బతికావని, ఇక ఈ జన్మలో సిలిండర్ కట్టుకోవద్దని చెప్పాడు. మేడం మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నేను అవతలికి తిరిగి ఉన్నాను. ఆయన లేవడం నేను చూడలేదు, నువ్వు చూశావు," అంది. "కానీ నిన్ను ఇక నీళ్లలోకి తీసుకుపోలేను."

మొహం మీద మాస్కు ఉండటం వల్ల నేనేమీ జోకు వేయలేకపోయాను. అందుకే కాబోలు, ఆ ఒక్కసారి ఏడుపు వచ్చింది. రాయచూరు పెద్దాయన కూడా వచ్చి కాళ్ల దగ్గర నిలబడి చూసి పోయాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడంతో నా పరిస్థితి నిజంగానే బాగా లేదని అర్థమైంది.

తర్వాతి దీవి దగ్గర ఓడ ఆగేటప్పటికి నన్ను లేచి తిరగనిచ్చారు. సేటును మళ్లీ సిలిండర్ దగ్గరికి రానివ్వలేదు. ఆయన భార్య మాత్రం మేడం ఇచ్చిన ప్యాంటు, బనియన్ వేసుకొని, జుట్టు బిగించి ముడేసుకొని వచ్చింది. "నలుగురు చూస్తరు," అనబోయి సేటు తనే ఆపుకున్నాడు. ఆమె నోట్లో గొట్టం పెట్టుకొని, మేడం పక్కన నీళ్లలోకి జారింది. ఒక్కసారి కాళ్లు ఆడించింది, అంతే. ఎన్నేళ్ల కిందటి పెద్దమందడి పిల్లో నీళ్ల మీద పోతోంది. బురదకు మాత్రం దిగలేదు.

సేటూ నేనూ అద్దం పడవలో పక్కపక్కన కూర్చున్నాం.

"ఊపిరి ఇడుస్తున్నదా?" అన్నాడు కిందికి వంగి.

"ఇడుస్తున్నది సేటు. గొట్టం పైననే ఉన్నది, చూడుర్రి."

"నువ్వు ఏదన్న చెప్పు. నాకు పరేషాన్ అయితున్నది."

ఆయనను మరిపించడానికి కింద కనిపించిందల్లా చెప్పడం మొదలుపెట్టాను. "గా పచ్చ చేప ఉన్నదే, రాయిని కొరికి ఇసుక చేస్తది. బొంబాయి కూలి ముఠాల ఉంటే మేస్త్రీ అయితుండె. గది దోసకాయ కాదు సేటు, జీవమున్నదే. పొద్దుగాల్నుంచి అట్లనే పండుకొని ఉన్నది."

"మా కంపెనీ మేనేజర్ లెక్కనా?"

పడవలో ఉన్న డీలర్లందరూ పడీపడీ నవ్వారు. వాళ్లెందుకు నవ్వుతున్నారో అడిగిన బొంబాయివాళ్లకు హిందీలో మళ్లీ చెప్పాను. వాళ్లూ నవ్వారు. నీళ్లలో నుంచి పడవ అంచు పట్టుకున్న మేడం, అద్దాన్ని ఎవరూ చూడకుండా అందరూ నన్నే చూస్తుండటం చూసింది.

బొంబాయి చేరేలోపల నన్ను అద్దం పడవలో వేశారు. నీళ్ల జట్టు కాదు, నీలం బనియన్ రాలేదు. నీళ్ల మీద మాట్లాడే జట్టు. అందులో నేను ఒక్కణ్ణే. పిల్లలూ, మీరు ఓడ ఎక్కితే మీకు ఏ పని దొరుకుతుందో నేను చెప్పలేను. మీరు పోదామనుకున్న చోటుకు నిలువెత్తు పైన ఎక్కడో ఒక పీట దొరకొచ్చు. దొరికితే కూర్చోండి.

ఆ పడవలోనే చాలా ఏళ్లు కూర్చున్నాను. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన ఒకావిడ, అయిదేళ్ల కొడుకును ఒళ్లో పెట్టుకొని నా కబుర్లన్నీ విని, ముచ్చటపడి అడిగింది.

"ఇన్ని సంగతులు చెబుతున్నారు. మీరెప్పుడైనా ఆ కిందికి దిగారా?"

"దిగానమ్మా. ఒక పెద్దమనిషిని కొట్టి వచ్చాను."

ఆమె పిల్లవాణ్ణి ఒళ్లోంచి తీసి, నాకు అవతలి వైపు కూర్చోబెట్టుకుంది.